తెల్లని వస్త్రం, తైలవర్ణం, శుద్ధి

శుద్ధి అంటే ఏమిటన్న ప్రశ్నకు మతాలూ దర్శనాలూ ఇచ్చిన సమాధానాలను స్థూలంగా రెండు తెగలుగా విభజించవచ్చు. మొదటి తెగ దృష్టిలో శుద్ధి ఒక అభావం. అంటే మలినం లేకపోవడం, పరవస్తువు సోకకపోవడం, సంబంధాల నుంచి తొలగి ఉండడం. రెండవ తెగ దృష్టిలో శుద్ధి ఒక సామర్థ్యం. అంటే ఎదుటికి వచ్చినదాన్ని వక్రీకరించకుండా స్వీకరించి, సొంతం చేసుకోకుండా, ఉన్నది ఉన్నట్టు వెల్లడించగలగడం. ఈ రెండు భావాలకూ లోకం ఒకే ప్రతీకను వాడుకుంది, అది తెల్లని వస్త్రం. సరస్వతి కట్టుకునే చీర, శ్వేతాంబర జైన సాధుసాధ్వుల వస్త్రం, క్రైస్తవ బాప్తిస్మపు అంగీ, హజ్ యాత్రలో ముస్లిం పురుషులు చుట్టుకునే ఇహ్రాం, ఇవన్నీ తెల్లనివే. ప్రతీక ఒకటే కావడం వల్ల అర్థాలు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోయి, శుద్ధిని గురించి మాట్లాడేవారు ఏ శుద్ధిని ఉద్దేశిస్తున్నారో వారికే తెలియని పరిస్థితి తరచుగా ఏర్పడుతుంది. తెల్లని వస్త్రం ధరించిన మనిషిని తైలవర్ణాలతో చిత్రించవలసిన చిత్రకారుడికి మాత్రం ఈ అస్పష్టతలో ఉండిపోయే వెసులుబాటు లేదు, ఎందుకంటే తెలుపు అంటే ఏమిటో అతడు కుంచె పట్టి తేల్చుకోవలసి ఉంటుంది. ఆ పనిని శ్రద్ధగా పరిశీలిస్తే అది శుద్ధిని సామర్థ్యంగా భావించినవారి పక్షానే నిలుస్తుందని, అదే సమయంలో అభావవాదులు చెప్పినదానిలోని ఒక సత్యాన్ని కూడా కాపాడుతుందని తెలుస్తుంది.

తెలుపు పుట్టుక

తైలవర్ణం అంటే రంగుపొడిని ఎండే గుణం గల నూనెలో మెత్తగా నూరి తయారు చేసిన రంగు. ఇందుకు ఎక్కువగా వాడినది అవిసె నూనె. నీటిరంగులో నీరు ఆవిరైపోతుంది కాని నూనె ఆవిరి కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహిస్తూ కొన్ని రోజుల్లో పైకి ఆరి, ఆ తరువాత చాలాకాలం పాటు లోలోపల గట్టిపడుతూ దృఢమైన పొరగా మారుతుంది. ఈ మందగమనం వల్లనే ఒక ఛాయను మరొక ఛాయలోకి అంచు తెలియకుండా కలిపే అవకాశం చిత్రకారుడికి దక్కుతుంది. అయితే అవిసె నూనెకు కాలం గడిచేకొద్దీ పసుపెక్కే స్వభావం ఉంది, ఆ పసుపు తెల్లరంగులోనే అన్నిటికంటె స్పష్టంగా బయటపడుతుంది. కనుకనే తెలుపు విషయంలో తక్కువగా పసుపెక్కే అక్రోటు నూనెను, గసగసాల నూనెను పూర్వపు చిత్రకారులు ఆశ్రయించేవారు.

ఇక రంగుపొడి సంగతి. 19వ శతాబ్దం వరకు యూరప్ తైలచిత్రాల్లో తెలుపుకు దాదాపు ఏకైక ఆధారం సఫేదా, అంటే సీసం నుంచి తయారయ్యే తెల్లని పొడి. సీసపు రేకులను చుట్టలుగా చుట్టి, అడుగున వెనిగర్ పోసిన మట్టికుండల్లో ఉంచి, ఆ కుండలను పేడకుప్పల్లో కప్పిపెట్టి, వారాల తరబడి కదపకుండా వదిలేసేవారు. పేడ మురిగేటప్పుడు పుట్టే వేడి, బొగ్గుపులుసు వాయువు వెనిగర్ ఆవిరితో కలిసి బూడిదరంగు లోహాన్ని క్రమంగా తెల్లని పొరగా మార్చేవి. ఆ పొరను గీకి, కడిగి, నూరి రంగు చేసేవారు. ఆ పొడి విషం. దానిని తయారు చేసిన కార్మికులూ నూరిన శిష్యులూ సీసపు విషానికి లోనయ్యేవారు. 19వ శతాబ్దపు నడిమి కాలం నుంచి జింకు తెలుపు, 20వ శతాబ్దంలో టైటానియం తెలుపు వచ్చి దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. అంతకు ముందు క్రైస్తవ చిత్రకళలో కనిపించే దేవదూతల రెక్కలు, కన్య మరియ మేలిముసుగు, సన్యాసుల అంగీలు అన్నీ తైలంలో తెల్లబడినది ఈ విషపు పొడితోనే. మలినంతో ఎన్నడూ సంబంధం లేనిదే శుద్ధం అనే వాదానికి సఫేదా పుట్టుక తొలి అభ్యంతరం. పేడకుప్పలో పుట్టిన తెలుపు తెలుపు కాకుండా పోలేదు. ఒక వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది దాని శుద్ధిని నిర్ణయించలేదు.

తెలుపును చూడడం

తెల్లని గుడ్డను చిత్రించడానికి తెల్లరంగు చాలునని అనుకోవడం ఈ విద్యలో మొదటి అడుగు వేసేవారికి సహజమైన భ్రమ. అలా పూసినప్పుడు కాన్వాసుపై కనిపించేది సున్నం వేసిన గోడముక్కలాంటి ఖాళీ మాత్రమే, దానిలో మడతా ఉండదు, బరువూ ఉండదు, లోపల మనిషీ ఉండడు. వస్త్రం భుజం, మోచేయి, మోకాలు వంటి ఆధారస్థానాల నుంచి వేలాడుతుంది; ఆ స్థానాల మధ్య బిగిసిన చోట పొడుగాటి మడతలు, వదులైన చోట కుంగిన మడతలు ఏర్పడతాయి. మడతలో ఒక పార్శ్వం వెలుగుకు తిరుగుతుంది, మరొక పార్శ్వం నీడలోకి తిరుగుతుంది. కప్పుకున్న దేహం ఎక్కడ ఉన్నదో చెప్పేవి ఈ నీడలే. అందువల్ల నీడను అంగీకరించని తెలుపు తన లోపలి మనిషిని చూపలేదు.

చిత్రకారులు కాన్వాసుకు ముందుగా గోధుమ లేదా బూడిద ఛాయలో ఒక పలుచని పూత వేసి, దానిపై పని మొదలుపెట్టే పద్ధతి దీనికోసమే ఏర్పడింది. తెల్లని ఫలకం మీద ఏ ఛాయ వేసినా ముదురుగానే కనిపిస్తుంది కాని, మధ్యమ ఛాయ మీద వెలుగు వెలుగుగానూ నీడ నీడగానూ తెలుస్తాయి. ఆ తరువాత నీడలను పలుచగా, పారదర్శకంగా ఉంచి, వెలుగులను క్రమక్రమంగా మందంగా పేరుస్తారు. వెలుగు నేరుగా తాకే నాలుగైదు శిఖరాల మీద మాత్రమే కలపని తెలుపును పెడతారు. శుద్ధమైన తెలుపును మొదటే ఖర్చు చేసినవాడికి ఆ శిఖరాలు వచ్చేసరికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇటలీ పండితుడు లియోన్ బత్తిస్తా అల్బెర్తి 1435లో రచించిన చిత్రకళా గ్రంథంలో ఈ పొదుపును ఎంతో గట్టిగా బోధించాడు. తెలుపూ నలుపూ ముత్యాలంత ఖరీదైనవైతే చిత్రకారులు వాటిని లోభుల్లా వాడేవారని, చిత్రాలు అందువల్ల సత్యానికి మరింత దగ్గరయ్యేవని అతని అభిప్రాయం.

పొదుపు తరువాతి పాఠం స్వీకారం. ఉత్తరపు కిటికీ నుంచి వచ్చే చల్లని వెలుగులో వస్త్రపు వెలుగుభాగం కొద్దిగా నీలం వైపు మొగ్గి, నీడలు గోధుమ వైపు, పసుపు మట్టిరంగు వైపు వెచ్చబడతాయి. ఎండలో ఇది తారుమారై, వెలుగు వెచ్చగానూ నీడ ఆకాశపు నీలంగానూ మారుతుంది. పక్కన ఎర్రని తివాచీ ఉంటే గుడ్డ అడుగు అంచు ఎరుపు తిరుగుతుంది, మెడ దగ్గరి మడతలో చర్మపు ఛాయ ప్రతిఫలిస్తుంది. చుట్టుపక్కల వస్తువుల నుంచి ఇలా తిరిగివచ్చి నీడలో చేరే వెలుగునే ప్రతిఫలిత కాంతి అంటారు. లియొనార్దో దా విన్చి తన చిత్రకళా వివరణల్లో తెలుపును స్వయంగా ఒక రంగుగా లెక్కించక, ఏ రంగునైనా గ్రహించగల శక్తిగా పరిగణించాడు; ఆరుబయట తెల్లని దుస్తుల్లో నిలిచిన స్త్రీని ఉదాహరణగా తీసుకుని, ఆమె వస్త్రంలో ఒక పక్క సూర్యుడు, మరొక పక్క ఆకాశం, మరొక పక్క పచ్చిక ఎలా చేరతాయో విశదీకరించాడు. శుద్ధి గురించిన రెండవ సమాధానం ఇక్కడ కంటికి కనిపించే రూపం పొందింది. వస్త్రం తెల్లనిది కనుకనే ఇన్నిటికి చోటు ఇచ్చింది.

సెరపియన్ అంగీ

ఈ విద్య మతానుభవంగా మారిన గొప్ప సందర్భాల్లో ఒకటి స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో దె జుర్బరాన్ 1628లో గీసిన సెయింట్ సెరపియన్ చిత్రం. 1598లో పుట్టి 1664లో మరణించిన జుర్బరాన్ సెవిల్ నగరంలోని మఠాల కోసం తెల్లని అంగీలు ధరించిన సన్యాసులను పదేపదే చిత్రించాడు. ఇప్పుడు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరపు వాడ్స్‌వర్త్ అథీనియం ప్రదర్శనశాలలో ఉన్న ఈ చిత్రాన్ని అతడు సెవిల్‌లోని మెర్సిడేరియన్ల మఠానికి గీసి ఇచ్చాడు. మరణించిన సన్యాసుల దేహాలను ఖననానికి ముందు ఉంచే గది కోసం దీనిని గీయించారని పండితులు భావిస్తున్నారు. 13వ శతాబ్దంలో బార్సిలోనాలో ఏర్పడిన మెర్సిడేరియన్ సంఘం పని చెరలో చిక్కిన క్రైస్తవులను విడిపించడం. బ్రహ్మచర్యం, దారిద్ర్యం, విధేయత అనే మూడు సాధారణ వ్రతాలకు తోడు, అవసరమైతే బందీకి బదులుగా తానే బందీగా నిలుస్తానన్న నాలుగవ వ్రతం ఈ సంఘం వారికి ఉంది. ఆ వ్రతం పాటించి హింసలపాలై మరణించినవాడిగా సెరపియన్‌ను వారు పూజిస్తారు.

చిత్రంలో సెరపియన్ చేతులు పైకెత్తి కట్టివేయబడి ఉన్నాయి, తల భుజంపైకి వాలిపోయింది, వెనుక దాదాపు అంతా చీకటే. కథలో ఘోరమైన హింస ఉన్నా చిత్రంలో రక్తం కనిపించదు. కాన్వాసులో అత్యధిక భాగాన్ని ఆక్రమించినది తెల్లని అంగీ. దాని మడతలు దేహం నుంచి కిందికి బరువుగా దిగుతున్నాయి. నీడల్లో గోధుమ, బూడిద, పసుపు మట్టి ఛాయలు ఎంత లోతుగా చేరాయంటే, విడిగా తీసి చూస్తే వాటిని తెలుపు అని ఎవరూ అనలేరు. ఛాతీపై ఉన్న సంఘపు చిహ్నంలోని ఎరుపు, బంగారు వన్నెలే చిత్రంలో చెప్పుకోదగిన రంగులు. అలసిన దేహపు బరువును, ప్రాణం జారిపోవడాన్ని ముఖం కొంత చెబితే, ఎక్కువగా గుడ్డే చెబుతుంది.

బైబిల్‌లోని ప్రకటన గ్రంథం ఏడవ అధ్యాయంలో ఒక ఆశ్చర్యకరమైన భావన ఉంది: మహాశ్రమల నుంచి వచ్చినవారు తమ అంగీలను గొఱ్ఱెపిల్ల రక్తంలో ఉదికి తెల్లగా చేసుకున్నారన్నది. రక్తం గుడ్డను ఎర్రగా చేస్తుందే గాని తెల్లగా చేయదన్నది లోకానుభవం; ఈ విరోధంలోనే ఆ మతం చెప్పదలచిన శుద్ధి ఉంది. జుర్బరాన్ తెలుపును ఆ దృష్టితో చూడాలి. సెరపియన్ అంగీ తెల్లగా ఉన్నది అతడు లోకానికి దూరంగా ఉండిపోయినందుకు కాదు, ఇతరుల చెరలోకి తానే నడిచివెళ్లినందుకు. చిత్రకారుడు ఈ సిద్ధాంతాన్ని బోధించలేదు, నీడలను అంగీలోకి అనుమతించాడు; ఆ నీడల వల్లనే అంగీ వెలుగు మనకు అంతగా తగులుతుంది.

స్ఫటికం, వస్త్రం

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్న స్ఫటికం చుట్టూ నడిచింది. శంకరాచార్యులకు ఆపాదించే ఆత్మబోధలో, నీలి వస్త్రం పక్కన ఉంచిన స్ఫటికం నీలంగా కనిపించినట్టే శుద్ధమైన ఆత్మ పంచకోశాల సాన్నిధ్యం వల్ల వాటి రూపాన్ని దాల్చినట్టు కనిపిస్తుందన్న పోలిక ఉంది. పంచకోశాలంటే దేహం, ప్రాణం, మనస్సు, బుద్ధి, ఆనందం అనే ఐదు పొరలు. సాన్నిధ్యం చేత తన గుణాన్ని మరొకదానిపై ఉన్నట్టు తోపించేదానిని ఉపాధి అంటారు. ఇక్కడ స్ఫటికంలో కనిపించే రంగు భ్రమ, దానిని తొలగించుకోవడం జ్ఞానం. అద్వైతంలో శుద్ధి అంటే రంగు ఎన్నడూ నిజంగా అంటకపోవడమే.

అదే స్ఫటికాన్ని పతంజలి యోగసూత్రాల మొదటి పాదం మరొక విధంగా వాడుకుంది. వృత్తులు, అంటే చిత్తంలో లేచే అలజడులు, క్షీణించినప్పుడు చిత్తం మేలిజాతి మణిలా మారి, తెలుసుకునేవాడు, తెలుసుకునే సాధనం, తెలుసుకోబడే వస్తువు అనే మూడింటిలో దేనిపై నిలిస్తే దాని రంగును దాల్చుతుందని, ఆ స్థితికే సమాపత్తి అని పేరని అక్కడ ఉంది. రంగు దాల్చడం ఇక్కడ భ్రమ కాదు, నైర్మల్యానికి ఫలం. మలినమైన మణి దేనినీ సరిగ్గా చూపలేదు; నిర్మలమైన మణి మాత్రమే ఎదుటి వస్తువుకు పూర్తిగా అనుగుణమవుతుంది. బౌద్ధ పాలీ సాహిత్యంలోని వత్థూపమ సుత్త ఇంకొక అడుగు ముందుకు వేసి, నేరుగా గుడ్డనే ఉదాహరణగా తీసుకుంది: మురికి గుడ్డను ఏ రంగులో ముంచినా రంగు సరిగ్గా పట్టదు, శుభ్రమైన గుడ్డకు ఏ రంగైనా చక్కగా పడుతుంది, చిత్తం కూడా అటువంటిదే అన్నది దాని సారాంశం. శుభ్రతకు అక్కడ గుర్తు రంగు పట్టగల గుణమే.

ఈ మూడు ఉదాహరణలూ ఒకటే చెబుతున్నాయని అనడం సరికాదు. అద్దకపు రంగు గుడ్డలో నిలిచిపోతుంది. స్ఫటికంలోని రంగు పక్కనున్న వస్తువును తీసివేయగానే పోతుంది. బౌద్ధ సూత్రంలో నిలవవలసిన రంగు ధర్మం, అద్వైతంలో పోవలసిన రంగు అవిద్య. తైలచిత్రంలోని తెల్లని వస్త్రం ఈ రెండింటిలో స్ఫటికానికే దగ్గర, ఎందుకంటే తివాచీని తీసివేస్తే అంచులోని ఎరుపు కూడా వెళ్లిపోతుంది. కాని చిత్రకారుడు అద్వైతిలా ఆ ఎరుపును భ్రమగా కొట్టివేయలేడు. అతనికి అది ఆ క్షణంలో వస్త్రపు సత్యం.

ఒక ఆక్షేపం

ఇక్కడ బలమైన ఆక్షేపం ఒకటి ఎదురవుతుంది. అన్ని రంగులనూ స్వీకరించేదానికి తనదంటూ ఏమి మిగులుతుంది? ఎవరితో ఉంటే వారిలా మారిపోయే మనిషిని శుద్ధుడని ఎవరూ అనరు, నిలకడ లేనివాడని అంటారు. శుద్ధిని సంబంధంగా మార్చితే అది బలహీనతగా దిగజారదా అన్నది ఆక్షేపం సారం.

దీనికి సమాధానం కూడా చిత్రకారుడి పనిలోనే దొరుకుతుంది. నీడలో ఉన్న తెల్లని గుడ్డ ఛాయ, వెలుగులో ఉన్న బూడిదరంగు గోడ ఛాయ కంటె ముదురుగా ఉండవచ్చు. అయినా చూసేవారికి గుడ్డ తెల్లగానే, గోడ బూడిదగానే తోస్తాయి. అలా తోపించడానికి చిత్రకారుడు వస్త్రంలోని ప్రతి ఛాయకూ మిగిలిన ఛాయలతో ఉన్న నిష్పత్తిని తప్పకుండా పాటించాలి. ఒక్క నీడ ఎక్కువ రంగు మింగినా గుడ్డ ఆ చోట తెలుపు కోల్పోయి, మరకపడినట్టు కనిపిస్తుంది. న్యూటన్ 1704లో ప్రచురించిన దృశ్యశాస్త్ర గ్రంథంలో తెల్లని వెలుగు అన్ని రంగుల కిరణాల సమ్మేళనమని నిరూపించాడు. ఎర్రని గుడ్డ తనకు నచ్చిన కిరణాలనే వెనక్కి పంపి తక్కినవాటిని మింగుతుంది. తెల్లని గుడ్డ దాదాపు అన్నిటినీ సమానంగా తిరిగి ఇస్తుంది. తెలుపుకు తనదైన స్వభావం ఈ సమత్వమే. పక్కవస్తువుల రంగులు దానిపై కనిపించడానికి కారణం అది వాటికి లొంగిపోవడం కాదు, ఏ ఒక్కదానినీ మింగకపోవడం. అభావవాదంలోని సత్యం ఇక్కడే ఉంది: శుద్ధిలో ఒక లేమి తప్పకుండా ఉంది, అది సంబంధాల లేమి కాక పక్షపాతపు లేమి. అద్వైతి రంగు అంటదన్నప్పుడు, యోగి రంగు దాల్చుతుందన్నప్పుడు, వారిద్దరి మాటలకూ ఈ సమత్వంలో చోటు ఉంది.

దేవత చీరపై నీడ, మనిషిపై తెలుపు

భారతీయ ప్రాచీన చిత్రకళ వస్త్రంపై పడే నీడను ఇలా చిత్రించలేదు. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం వర్తన అనే పేరుతో గీతలతో, చుక్కలతో ఉబ్బెత్తును చూపే పద్ధతులను వివరించింది గాని, ఒక దిక్కు నుంచి వచ్చే వెలుగును, అది పరిచే నీడను ప్రధానంగా తీసుకోలేదు. లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్దపు కుడ్యచిత్రాల్లో వస్త్రాలు చదునైన రంగులతో, స్పష్టమైన రేఖలతో, అల్లికల నమూనాలతో శోభిస్తాయి. అక్కడ తెలుపు ఏ వేళకూ ఏ చోటికీ చెందదు. రాజా రవివర్మ (1848–1906) తైలవర్ణంలో సరస్వతిని కూర్చోబెట్టి, ఆమె తెల్లని చీరకు మడతలు, నీడలు, పరిసరాల ఛాయలు ఇచ్చినప్పుడు, దేవత ఒక నిర్దిష్టమైన వెలుగులోకి వచ్చింది. ఆ రూపాలే అచ్చు చిత్రాలై తెలుగువారి పూజాగదులకు కూడా చేరాయి. దేవత వస్త్రంపై నీడ పడడం అపచారమని భావించేవారు ఆమె శుద్ధిని కాలాతీతమైన అభావంగా చూస్తున్నారు. ఆ దృష్టికి తనదైన గాంభీర్యం ఉంది. నీడ పడిన చీరలో కూడా ఆమె శుద్ధి తగ్గలేదని భావించే భక్తుడు మాత్రం, లోకపు వెలుగును స్వీకరిస్తూనే సమంగా ఉండగల శుద్ధికి నమస్కరిస్తున్నాడు.

ఈ భేదం పూజాగది గడప దాటి సమాజంలోకి వచ్చినప్పుడు ప్రాణాంతకమైనదవుతుంది. తెలుగు నేలతో సహా దేశంలో అనేక చోట్ల భర్తను కోల్పోయిన స్త్రీకి రంగులు తీసివేసి, పూలూ బొట్టూ తీసివేసి, తెల్లని బట్ట కట్టించి, శుభకార్యాలకు దూరంగా ఉంచి, ఆ స్థితికి పవిత్రత అని పేరు పెట్టారు. అది అభావశుద్ధికి అత్యంత క్రూరమైన ఆచరణ: సంబంధాలన్నిటినీ తెంచివేసి, మిగిలినదానిని శుద్ధి అనడం. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదిరించినది ఒక ఆచారాన్ని మాత్రమే కాదు, ఆ ఆచారం వెనుక నిలిచిన శుద్ధి భావనను కూడా. ఏ వెలుగూ సోకని, ఏ రంగూ చేరని అలాంటి తెలుపును ఏ చిత్రకారుడూ కాన్వాసుపై సైతం నిలపలేడు. నిలపబోతే అక్కడ మనిషి మాయమై ఖాళీ మిగులుతుంది. కాన్వాసుపై అసాధ్యమైనదానిని బతికున్న మనిషిపై విధించడం ఎంతటి హింసో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కనుక శుద్ధి గురించి వినిపించే ప్రతి బోధనకూ ఒక పరీక్ష పెట్టవచ్చు. అది మనిషిని దేని నుంచి దూరం చేస్తున్నదని అడగడం చాలదు. దూరం చేసిన తరువాత అతడు ఎదుటివారి దుఃఖాన్ని, వేరొకరి సత్యాన్ని, తనకు నచ్చని వెలుగును మునుపటికంటె నిజాయితీగా స్వీకరించి తిరిగి ఇవ్వగలుగుతున్నాడా అని అడగాలి. ఇంద్రియనిగ్రహం, ఉపవాసం, మౌనం, సన్యాసం వంటి నియమాలన్నీ ఈ సామర్థ్యాన్ని పెంచినంతవరకు శుద్ధికి సాధనాలు. అహంకారాన్ని పెంచి, తక్కినవారిని మలినులుగా చూడడం నేర్పినప్పుడు అవే శుద్ధికి అడ్డంకులు. సెవిల్ సన్యాసులకు ఒక చిత్రకారుడు తైలంతో చూపినది, పతంజలి మణి పోలికతో చెప్పినది, వీరేశలింగం తన జీవితంతో వాదించినది ఈ విషయంలో ఒకదానినొకటి బలపరుస్తాయి. లోకంతో సంబంధం తెంచుకోవడం సులభం, అది చేతకానివాడు కూడా చేయగల పని. లోకపు రంగులన్నీ తనపై పడుతుండగా దేనినీ మింగకుండా, దేనినీ తిరస్కరించకుండా సమంగా నిలవడమే కష్టం, ఆ కష్టానికే శుద్ధి అన్న పేరు తగినది.